అడుగుకి పన్నెండు

ఆ ర్యాంపు మూడుసార్లు పగలగొట్టించింది నా చేత.
మొదటిసారి చూసి నవ్వింది:
"మీరా మేస్త్రీ, ఇది ఎక్కడానికా, పిల్లకాయలు జారడానికా?"
రెండోసారి నవ్వలేదు.
చంకకర్రల మీద పక్కకి నిలబడి
తన చక్రాల కుర్చీలో నన్ను కూర్చోమంది.
"ఎక్కు."
సగందాకా ఎక్కాను.
ఆ తర్వాత గుంటూరు మొత్తం వెనక్కి జారింది,
కలెక్టరాఫీసు గేటు, టీ బండి,
పళ్లికిలిస్తున్న బంట్రోతులు.
సిమెంటు తిన్న చేతులే నావి,
అయినా అరచేతులు మండాయి.

ప్లీడరు సువార్తమ్మ.
సంచిలో కేసుకట్టలతో పాటు
ఒక టేపు, చుట్ట చుట్టిన మట్టపు గొట్టం.
"అడుగు ఎత్తుకి పన్నెండడుగుల వాలు.
కూలి సంగతి కాంట్రాక్టరునడుగు,
కొలత నన్నడుగు."
మూడు రోజుల కూలి పోయింది నాకు.
ఆ వారం ఆయమ్మని తిట్టుకోకుండా
అన్నం తిన్న రాత్రి లేదు.
దాచేదేముంది,
వినాల్సిన మనిషే లేదు గదా ఇప్పుడు.

ఆయమ్మ పేరు ఊరంతా తెలిసింది
కోర్టు హాలు మేడ మీద ఉన్న రోజుల్లో.
కుర్చీతో సహా మోసుకెళ్తామని నలుగురొచ్చారు.
"నలుగురు మోసే రోజు వేరే ఉందిలే,
అప్పుడు రండి" అంది.
కింద వేపచెట్టు నీడన
ఫైలు విప్పుకుని కూర్చుంది.
పదకొండయింది. పన్నెండయింది.
జడ్జిగారు దిగొచ్చారు.
మాటవరసకి కాదు,
పందొమ్మిది మెట్లు,
నల్లకోటు అంచు ఎత్తి పట్టుకుని, ఒక్కొక్కటే.
దిగి, చెమట తుడుచుకుని
ఒక్క మాట అడిగారంట:
"ఇన్ని ఉన్నాయా?"

తర్వాత బస్టాండు, పెద్దాసుపత్రి,
బ్రాడీపేటలో మూడు బ్యాంకులు.
ఎక్కడికెళ్లినా ముందు టేపు, తర్వాత నమస్కారం.
సన్మానానికి పిలిస్తే
స్టేజీకి మెట్లున్నాయని కిందే ఉండిపోయింది.
మైకు కిందికి తెప్పించుకుని చెప్పింది:
"నా బతుకులో మాకు మూడు పేర్లు మార్చారు.
ఒకదాని కంటే ఒకటి మర్యాద.
మెట్లు మాత్రం అవే."
చప్పట్లు కొట్టారు.
మర్నాడు పేపర్లో దండ ఫొటో వేశారు,
ఆ మాట వెయ్యలేదు.

మొన్న మార్చిలో నలుగురం మోశాం.
ముందు కుడిభుజం నాది.
సమాధుల తోట గేటు దగ్గర
మూడు మెట్లు.
పెట్టె ఆగింది.
పాస్టరుగారి పాట కూడా ఆగినట్టనిపించింది.
నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం,
ఎవరో గట్టిగా కేకేస్తారని.
మొదటిసారి ఆయమ్మ ఏమీ అనలేదు.

ఇసక నేను తోలిస్తాను,
కూలి వద్దన్నాను.
కమిటీలో పెడతామన్నారు.
ఇంకా పెడుతూనే ఉన్నారు.

ఇయ్యాల పింఛను కాగితం కోసం వెళ్లాను.
మోకాళ్లు రెండూ అరిగాయి,
నేను పోసిన ర్యాంపే నేను ఎక్కుతున్నాను.
కొలిచి పోసిన నేల కాలికి తెలిసిపోద్ది.
ముందు మిర్చియార్డు హమాలీ ఒకడు,
నడుం పట్టేసి, కమ్మీ పట్టుకుని.
పక్కన చంటిదాని బండి తోస్తా ఒక పిల్ల,
ఫోనులో ఎవరితోనో పోట్లాడుకుంటా,
కింద వాలుందన్న ధ్యాసే లేకుండా.
మలుపు దగ్గర ఎండకి ఓర్చుకోలేక
కుంటికుక్క ఒకటి పడుకుంది.
దాన్నెవరూ సర్టిఫికెట్టు అడగలేదు.

టేపు నా దగ్గరే ఉంది.
పన్నెండో అంకె కాడ
పసుపు రంగు అరిగి ఉక్కు తేలింది,
ఆయమ్మ బొటనవేలు ఆగే చోటు.

దిగేటప్పుడు చూస్తే
ర్యాంపు మొదట్లో అడ్డంగా
కొత్త మోటారు సైకిలు, అద్దానికి నిమ్మకాయలు.
పక్కనుంచి పోదామనే అనుకున్నా.
గొంతు నాదే,
ఎక్కడినుంచి లేచిందో తెలియదు:

"ఎవడిదిరా ఈ బండి?"